హనోకు గ్రంథం చదవవచ్చా? ఆది సంఘపు కాపరులు ఏం చేశారు?



ఈమధ్య మన గ్రామ సంఘాల్లో ఒక ప్రశ్న మాటిమాటికీ వినబడుతోంది. సెల్ ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి యవ్వనస్థులు, కొన్నిచోట్ల పెద్దలు కూడా అడుగుతున్నారు: "అయ్యగారూ, హనోకు గ్రంథాన్ని బైబిల్లోంచి తీసేశారంట గదా? పేతురు రాసిన సువార్త కూడా ఉందంట గదా? అవి మనం చదవవచ్చా?"

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. "అవన్నీ సాతాను పుస్తకాలు, ముట్టుకోవద్దు" అనేది మొదటిది. "అసలు సత్యం వాటిలోనే ఉంది, పెద్దవాళ్లు మన దగ్గర దాచిపెట్టారు" అనేది రెండోది. కాపరులమైన మాకు మొదటి జవాబు చెప్పి పంపించడం తేలిక. అయితే అడిగిన పిల్లవాడు ఇంటికి వెళ్లి యూదా పత్రిక 14వ వచనం తెరిస్తే ఆ జవాబు నిలబడదు. అక్కడ హనోకు పేరు ఉంది, అతని ప్రవచనం కూడా ఉంది. ఆదికాండములో హనోకు దేవునితో నడిచాడని ఉందిగానీ అతను ప్రవచించిన మాట ఒక్కటీ లేదు. మరి యూదాకు అది ఎక్కడ దొరికింది? ఆ పిల్లవాడు ఈ ప్రశ్న మమ్మల్ని అడగడు. మమ్మల్ని నమ్మడం మానేసి, మళ్లీ ఆ వీడియోల దగ్గరికే వెళ్తాడు. కాబట్టి మన ముందున్న విశ్వాసులు, ముఖ్యంగా మొదటి నాలుగు శతాబ్దాల కాపరులు, ఇలాంటి గ్రంథాలతో ఏం చేశారో ఈ వారం నిదానంగా చూద్దాం.

యూదా చేసిన పని

పరిశుద్ధుల సమూహంతో ప్రభువు తీర్పు తీర్చడానికి వస్తాడని యూదా పత్రిక 14, 15 వచనాల్లో ఉంది. ఈ మాట హనోకు గ్రంథం మొదటి అధ్యాయం 9వ వచనంలో కనబడుతుంది. ఆ గ్రంథం ప్రభువు పుట్టకముందు నుంచే యూదుల్లో చలామణిలో ఉంది. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దాని అరామిక్ ప్రతుల ముక్కలు దొరికాయి. ఒకే మనిషి ఒకేసారి రాసింది కాదది. వేర్వేరు కాలాల్లో రాసిన భాగాలను కలిపి కూర్చినది. జలప్రళయానికి ముందు జీవించిన హనోకు స్వయంగా రాశాడని ఈనాటి పండితులెవరూ అనరు.

యూదా పత్రికలోనే 9వ వచనంలో మోషే శరీరం గురించి మిఖాయేలు అపవాదితో వాదించిన సంగతి ఉంది. పాత నిబంధనలో ఇది లేదు. ఇది మోషే ఆరోహణము అనే పుస్తకంలోనిదని మూడవ శతాబ్దంలో ఓరిగెను రాశాడు.

పౌలు కూడా బయటి మాటలు వాడాడు. ఏథెన్సులో మాట్లాడుతూ గ్రీకు కవి మాట ఎత్తాడు (అపొ. కార్యములు 17:28). క్రేతువారి గురించి వారి సొంత మనిషే అన్న మాటను తీతుకు రాశాడు (తీతు 1:12). మోషేను ఎదిరించినవారి పేర్లు యన్నే, యంబ్రే అని తిమోతికి రాశాడు (2 తిమోతి 3:8). నిర్గమకాండములో ఆ పేర్లు లేవు. యూదుల మధ్య వాడుకలో ఉన్న కథల్లో ఉన్నాయి.

మన ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చిందనుకోండి. ఎనభై ఏళ్ల పెద్దాయనను పిలిచి అడుగుతాం. "ఆ తాడిచెట్టు దగ్గరే హద్దురాయి ఉండేది" అని ఆయన చెబుతాడు. ఆ మాట నిజమైతే సాక్ష్యంగా తీసుకుంటాం. అంతమాత్రాన ఆ పెద్దాయన జీవితంలో అన్న ప్రతి మాటా పట్టాదారు పాసుపుస్తకం అయిపోదు. యూదా చేసింది ఇలాంటిదే. హనోకు గ్రంథంలోని ఒక మాటకు పరిశుద్ధాత్మ ప్రేరణతో సాక్ష్యమిచ్చాడు. గ్రంథమంతటికీ ముద్ర వేయలేదు. అదే గ్రంథంలో, దేవదూతలకు పుట్టిన రాక్షసులు మూడువేల మూరల ఎత్తు ఉన్నారని ఇతియొపీయ ప్రతిలో ఉంది. అంటే సుమారు 4500 అడుగులు! ఆ మాటకు యూదా సాక్ష్యమివ్వలేదని గమనించండి.

తరువాతివారు బహిరంగంగా వాదించుకున్నారు

"దాచిపెట్టారు" అనే మాట ఎంతవరకు నిజమో ఇప్పుడు చూద్దాం. బర్నబా పేరుతో ఉన్న పాత పత్రిక ఒకటి హనోకును లేఖనంలాగే ఎత్తి చూపింది. రెండవ శతాబ్దం చివర, మూడవ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలో ఉన్న తెర్తుల్లియను ఈ గ్రంథాన్ని గట్టిగా సమర్థించాడు. యూదుల గ్రంథాల పెట్టెలో లేదు కాబట్టి కొందరు దీన్ని అంగీకరించరని అతనే ఒప్పుకున్నాడు. ఆ తరువాత, నోవహు తన ముత్తాత మాటలను జలప్రళయం దాటించి కాపాడి ఉండవచ్చని వాదించాడు. యూదా సాక్ష్యాన్ని కూడా చూపించాడు. ఓరిగెను అయితే, హనోకు పేరుతో ఉన్న పుస్తకాలను సంఘాలు సాధారణంగా దైవగ్రంథాలుగా ఎంచవని రాశాడు.

నాలుగవ శతాబ్దం చివర జెరోము ఒక సంగతి తెలియజేశాడు. హనోకు మాట ఎత్తినందుకు కొందరు యూదా పత్రికనే తోసిపుచ్చారట. అయినా ప్రాచీనత వల్ల, సంఘాల వాడుక వల్ల ఆ పత్రిక లేఖనాల్లో నిలిచిందని అతను రాశాడు. అగస్టీను మరింత నిదానంగా మాట్లాడాడు. యూదా చెప్పాడు కాబట్టి హనోకు దేవుని మాటలు కొన్ని రాశాడని కాదనలేము, కానీ ఇప్పుడు ఆ పేరుతో తిరుగుతున్నవి నిజంగా అతనివే అని రుజువు లేదు కాబట్టి వాటిని ప్రామాణికంగా తీసుకోలేమన్నాడు.

చూశారా! ఒకరు సమర్థించారు, ఒకరు జాగ్రత్త చెప్పారు, ఇంకొకరు తూచి చూశారు. అందరూ అందరికీ కనబడేలా రాశారు. ఇతియొపీయ సంఘమైతే హనోకు గ్రంథాన్ని ఈనాటికీ తన బైబిల్లో ఉంచుకుంది. 1773లో జేమ్స్ బ్రూస్ అనే యాత్రికుడు అక్కడినుంచి ప్రతులను యూరపుకు తెచ్చాడు. 1821లోనే ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. రెండు వందల ఏళ్లుగా అచ్చులో ఉన్న పుస్తకాన్ని నిన్ననే బయటపడిన రహస్యమని చెప్పేవారి మాట ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి.

ప్రేమించి చదివిన పుస్తకాలు

బైబిల్లో లేని పుస్తకాలన్నిటినీ ఆది సంఘం ద్వేషించింది అనుకోకండి. రోమా సంఘం మొదటి శతాబ్దం చివర్లో కొరింథు సంఘానికి ఒక ఉత్తరం రాసింది. దాన్ని క్లెమెంతు పత్రిక అంటాం. కొరింథులో కొందరు తమ పెద్దలను పదవి నుంచి తోసేశారు. అలా గొడవపడవద్దని, సమాధానపడమని ఆ ఉత్తరం బతిమాలింది. సుమారు 170లో కొరింథు అధ్యక్షుడైన దియొనూసియు రోమాకు జవాబు రాస్తూ, ఆ పాత ఉత్తరాన్ని తమ ఆదివారపు కూడికలో చదువుకుంటున్నామని తెలిపాడు. డెబ్భై ఏళ్ల క్రితం తమను మందలించిన ఉత్తరాన్ని చింపి పారేయకుండా సంఘంలో చదువుకున్నారు. ఎంత వినయం!

హెర్మాసు రాసిన కాపరి అనే పుస్తకం ఇంకొకటి. కట్టబడుతున్న గోపురం గురించిన దర్శనం అందులో ఉంది. ఆ గోపురం సంఘం, విశ్వాసులు రాళ్లు. బాప్తిస్మం తరువాత పాపంలో పడినవాడికి మారుమనస్సు దొరుకుతుందా అని ఆ పుస్తకం కన్నీళ్లతో అడుగుతుంది. సీనాయి కొండ దగ్గరి మఠంలో దొరికిన నాలుగవ శతాబ్దపు గొప్ప బైబిలు ప్రతిలో ప్రకటన గ్రంథం తరువాత బర్నబా పత్రిక, హెర్మాసు కాపరి కూడా ఉన్నాయి.

ఈ పుస్తకం గురించి మురటోరి పట్టిక చెప్పే మాట మాకెంతో ఇష్టం. మిలాను గ్రంథాలయంలో దొరికిన ఈ పట్టికను 1740లో మురటోరి అనే పండితుడు ప్రచురించాడు. ఇది రెండవ శతాబ్దం చివరిదని చాలామంది అభిప్రాయం. హెర్మాసు తన పుస్తకాన్ని ఈమధ్యనే, తన సహోదరుడు పియు రోమా అధ్యక్షుడుగా ఉన్నప్పుడు రాశాడని ఈ పట్టిక చెబుతుంది. కాబట్టి దాన్ని చదవాలి, కానీ సంఘం ఎదుట ప్రవక్తలతో, అపొస్తలులతో సమానంగా చదవకూడదని తీర్పు చెబుతుంది. అదే పట్టిక, పౌలు పేరుతో కల్పించిన రెండు పత్రికల గురించి మాత్రం కఠినంగా మాట్లాడుతుంది. తేనెలో చేదును కలపకూడదని అంటుంది.

మన పల్లెల్లో పంక్తి భోజనానికి వచ్చిన ప్రతివారికీ ఆకు వేస్తాం. అయినా పెళ్లిపీట మీద ఎవరినిబడితే వారిని కూర్చోబెట్టం. దొంగతనంగా దూరినవాడిని బయటికి పంపుతాం. సంఘం పుస్తకాలను ఇలాగే మూడు విధాలుగా చూసింది. బోధకు ఆధారమైనవి కొన్ని, చదువుకోవడానికి మేలైనవి కొన్ని, తోసివేయవలసినవి కొన్ని.

ఒక కాపరి చేసిన పని

మూడో రకం ఎందుకు అవసరమైందో అంతియొకయ అధ్యక్షుడైన సెరపియోను సంగతి వల్ల తెలుస్తుంది. ఇది సుమారు 200వ సంవత్సరం నాటి మాట. సిరియా సముద్ర తీరాన రోస్సు అనే ఊరి సంఘాన్ని అతను చూడటానికి వెళ్లాడు. అక్కడ పేతురు సువార్త అనే పుస్తకం గురించి తగవు నడుస్తోంది. వారందరూ సరైన విశ్వాసంలోనే ఉన్నారని అనుకుని, సెరపియోను ఆ పుస్తకాన్ని పూర్తిగా చూడకుండానే, తగవు ఇంతే అయితే చదువుకోనివ్వండి అని చెప్పి వచ్చేశాడు.

తరువాత ఆ పుస్తకం చాటున తప్పుబోధ నడుస్తోందని అతనికి కబురు అందింది. క్రీస్తు నిజమైన శరీరంతో రాలేదు, శరీరం ఉన్నట్టు కనబడ్డాడంతే అని చెప్పే గుంపు అది. అప్పుడు సెరపియోను ఏం చేశాడు? పుస్తకాన్ని తగలబెట్టమని ఉత్తరువు ఇవ్వలేదు. దాన్ని వాడేవారి దగ్గరే అడిగి తెప్పించుకుని చదివాడు. అందులో చాలా భాగం రక్షకుని నిజమైన బోధకు సరిపోతుందని, కొన్ని మాటలు మాత్రం అదనంగా చేర్చారని రాశాడు. ఆ చేర్పులు ఏవో పట్టిక వేసి సంఘానికి పంపాడు. పేతురును, మిగిలిన అపొస్తలులను క్రీస్తును చేర్చుకున్నట్టే చేర్చుకుంటామని, వారి పేరుతో తప్పుగా తిరిగే రాతలను మాత్రం అంగీకరించమని, అలాంటివి మనకు పెద్దల నుంచి అందలేదని వివరించాడు. త్వరలో మళ్లీ వస్తానని కూడా చెప్పాడు. అతని ఉత్తరంలోని ఈ భాగాన్ని చరిత్రకారుడైన యూసేబియు భద్రపరిచాడు.

1886-87 చలికాలంలో ఐగుప్తులోని అఖ్మీము అనే చోట ఒక సమాధిలో తోలు పుటల పుస్తకం దొరికింది. అందులో ఉన్నది ఈ పేతురు సువార్త భాగమేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. అందులో సిలువ నడుస్తుంది, మాట్లాడుతుంది కూడా. సమాధి నుంచి బయటికి వచ్చినవారి తలలు ఆకాశాన్ని అంటుతాయి. వినడానికి ఎంతో ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. సిలువ వేసినప్పుడు ప్రభువు నొప్పి ఏమీ లేనట్టు మౌనంగా ఉన్నాడని ఆ పుస్తకం చెబుతుంది.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ సంఘంలో క్యాన్సర్‌తో మంచం పట్టిన తల్లి ఉంటుంది. రాత్రంతా నొప్పితో మూలుగుతుంది. ఆమె పక్కన కూర్చుని మేము ఏ యేసును గురించి చెప్పాలి? దప్పిగొన్నానని సిలువ మీద అడిగిన యేసును గురించా (యోహాను 19:28)? లేక నొప్పే తెలియని యేసును గురించా? మన బలహీనతలలో మనతో సహానుభవం గల ప్రధానయాజకుడు మనకున్నాడని హెబ్రీ పత్రిక చెబుతుంది (4:15). ఆయనకు నొప్పి లేకపోతే ఆ మాటకు అర్థం ఉండదు. ఆ తల్లికి చెప్పడానికి మా దగ్గర ఏమీ మిగలదు. ఏ పుస్తకం బోధకు ఆధారం అనేది పండితులకు మాత్రమే సంబంధించిన తగాదాగా కనబడవచ్చు. నిజానికి ఆ మంచం దగ్గర మనం ఏం చెబుతామో నిర్ణయించేది అదే.

దాదాపు అదే రోజుల్లో ఆసియాలో ఒక సంఘ పెద్ద పౌలు పేరు మీద కథలు అల్లి పుస్తకం రాశాడు. పట్టుబడినప్పుడు, పౌలు మీద ప్రేమతోనే రాశానని ఒప్పుకున్నాడు. అయినా అతన్ని పదవి నుంచి తొలగించారని తెర్తుల్లియను చెబుతున్నాడు. ప్రేమ ఉంది కదా అని అబద్ధాన్ని సత్యం పక్కన కూర్చోబెట్టలేదు. లేని సాక్ష్యాలు కల్పించి అద్భుతాలుగా చెప్పే మన కాలపు వేదికలకు కూడా ఈ సంగతి చాలా అవసరం.

అతనాసియు ఉత్తరం

నీకయ సభలో చక్రవర్తి ఒత్తిడితో బైబిలు పుస్తకాలను ఎంపిక చేశారని చాలా వీడియోలు చెబుతాయి. 325లో జరిగిన ఆ సభ 20 నియమాలు చేసింది. వాటిలో ఒక్కటి కూడా లేఖనాల పట్టిక గురించి కాదు. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు అంతకు ఎంతో ముందే సంఘాలన్నిటిలో చదవబడుతున్నాయి. హెబ్రీ, యాకోబు, 2 పేతురు, యూదా, ప్రకటన వంటి కొన్నిటి మీద మాత్రం కొన్ని చోట్ల చర్చ సాగింది.

మన కొత్త నిబంధనలోని 27 పుస్తకాలే, ఎక్కువ తక్కువ లేకుండా, 367లో అలెక్సంద్రియ అధ్యక్షుడైన అతనాసియు రాసిన పస్కా ఉత్తరంలో మొదటిసారి కనబడతాయి. అది సంఘాలకు కాపరి రాసిన ఉత్తరం. సామాన్య విశ్వాసులు పేర్లు చూసి మోసపోతారేమోననే భారంతో రాశాడు. అతను కూడా మూడు వరుసలు చెప్పాడు. రక్షణకు ఊటలైన ప్రామాణిక గ్రంథాలు మొదటి వరుస. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు చదువుకోవడానికి పెద్దలు నియమించినవి రెండో వరుస: సొలొమోను జ్ఞానము, సీరా, ఎస్తేరు, యూదితు, తోబీతు, అపొస్తలుల బోధ, కాపరి. భక్తుల పేర్లు పెట్టుకుని తప్పుబోధకులు తయారుచేసినవి మూడో వరుస. మన బైబిల్లో ఉన్న ఎస్తేరు గ్రంథాన్ని అతను రెండో వరుసలో పెట్టాడని గమనించారా? ఒక్క మనిషి మాటతో, ఒక్క రోజులో ఏదీ తేలలేదు. దేవుడు తన సంఘాన్ని ఓపికగా నడిపించాడు.

మన సంస్కర్తలు కూడా ఇదే బాటలో నడిచారు. 1534లో లూథరు తన జర్మను బైబిల్లో యూదితు, తోబీతు, మక్కబీయులు వంటి పుస్తకాలను పాత కొత్త నిబంధనల మధ్య వేరుగా పెట్టి, అవి లేఖనాలతో సమానం కావుగానీ చదవడానికి మంచివని తెలిపాడు. మన కతోలిక సహోదరుల తెలుగు బైబిల్లో ఆ పుస్తకాలు ఉండటం మీరు చూసే ఉంటారు. వాటిని హనోకు గ్రంథంతోను, పేతురు సువార్తతోను కలిపి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మన ఇళ్లలో ఇప్పటికే ఉన్నవి

ఇంకో సంగతి చెబితే మీకు నవ్వు రావచ్చు. క్రిస్మస్‌కు మన సండే స్కూలు పిల్లలు వేసే నాటకంలో తొట్టి పక్కన ఎద్దును, గాడిదను నిలబెడతాం. లూకా సువార్తలో తొట్టి ఉందిగానీ ఎద్దు, గాడిద లేవు. యెషయా 1:3లో ఆ రెండూ ఉన్నాయి. మత్తయి పేరు పెట్టుకున్న తరువాతి కాలపు లాటిన్ పుస్తకం ఒకటి ఆ ప్రవచనాన్ని ఎత్తి వాటిని తొట్టి దగ్గర నిలబెట్టింది. మరియ తల్లిదండ్రుల పేర్లు యోవాకీము, అన్న అని చెప్పేది యాకోబు పేరుతో ఉన్న రెండవ శతాబ్దపు పుస్తకం. పేతురును తలకిందులుగా సిలువ వేశారనే సంగతిని వివరంగా చెప్పేది పేతురు కార్యములు అనే పుస్తకం. ఎవరైనా వీటిని వేదిక మీద చెప్పినప్పుడు "సంఘ సంప్రదాయం ఇలా చెబుతుంది" అని ఒక మాట కలిపితే చాలు. విశ్వాసికి ఏది వాక్యమో, ఏది పెద్దల కథో తెలుస్తుంది.

మరి మనం ఏం చేద్దాం?

హనోకు గ్రంథం చదవవచ్చా అని అడిగిన తమ్ముడికి మేమిచ్చే జవాబు ఇది. చదవవచ్చు. అయితే ముందు ఆదికాండము నుంచి ప్రకటన వరకు ఒకసారైనా పూర్తిగా చదువు. 66 పుస్తకాలు చదవనివాడు 67వ దాని కోసం తొందరపడితే, ఏది తేనో ఏది చేదో నాలుకకు తెలియదు. చదివేటప్పుడు మూడు ప్రశ్నలు అడుగు. ఇది నిజంగా ఎవరు రాశారు? అపొస్తలుల నుంచి సంఘాలన్నిటికీ అందిందా? ఇందులో కనబడే యేసు నా కోసం నిజంగా బాధపడి, చనిపోయి, లేచిన యేసేనా? హనోకు గ్రంథం క్రీస్తుకు ముందుది గనుక, దాన్ని ఆనాటి యూదుల నిరీక్షణ తెలుసుకోవడానికి చదువు. యూదా పత్రిక ఇంకా బాగా అర్థమవుతుంది. దాని మీద మాత్రం బోధ కట్టవద్దు. దూతల పేర్లు చెప్పి భయపెట్టేవారికి, తేదీలు లెక్కగట్టి డబ్బులు అడిగేవారికి చెవి ఇవ్వవద్దు.

తోటి కాపరులకు కూడా ఒక మనవి. సెరపియోనులాగా పుస్తకం తెప్పించుకుని చదివి, ఏ మాట ఎందుకు సరికాదో వివరించి చెబుదాం. "నోరు మూసుకో, అలా అడగకూడదు" అనే మాట విని సంఘం విడిచివెళ్లిన యవ్వనస్థులు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టమని పౌలు థెస్సలొనీకయులకు నేర్పించాడు (1 థెస్స. 5:21). పరీక్షించాలంటే ముందు చేతిలోకి తీసుకుని చూడాలి.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, నీ వాక్యాన్ని మా చేతుల వరకు కాపాడి తెచ్చినందుకు నీకు స్తోత్రం. దాని కోసం ఓపికగా చదివి, తూచి, ప్రాణాలు పెట్టిన నీ దాసుల కోసం వందనాలు. ప్రశ్నలు అడిగే మా పిల్లలకు ప్రేమతో, సత్యంతో జవాబివ్వగల జ్ఞానాన్ని మాకు దయచేయుము. నొప్పితో ఉన్నవారి మంచం దగ్గర, నొప్పిని భరించిన నీ కుమారుని గురించి చెప్పే ధైర్యాన్ని ఇమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.